జాతర నాడు రేడియో పరీక్ష

వేయించిన బియ్యప్పిండిలో బెల్లం పాకం పోసి పిసుకుతుంటే నళినికి మణికట్టు లాగుతోంది. తెల్లారితే మారెమ్మ జాతర. తంబిట్టు ముద్దను ప్రమిదలా మలిచి, నెయ్యి వత్తి వెలిగించి, తలమీద పెట్టుకుని గుడిదాకా నడవాల్సింది ఇంటి కోడలే. తెల్లారితే జవళగిరి అడవిలో ఆమె చేసిన రేడియోకు పరీక్ష కూడా.

“రేడియో మీ ఆఫీసు ముఖేశ్ చూసుకుంటాడులే. దీపం ముఖేశ్ ఎత్తుతాడా?” అని నవ్వాడు భర్త అనంతకుమార్.

ఆఫీసులో మేనేజరు శేషప్పదీ అదే మాట. “అడివి అంచున చోటమ్మా, నీకెందుకు కష్టం? ముఖేశ్ చూపిస్తాడు. నువ్వు ఫోన్లో ఉండు.”

ఇద్దరూ ప్రేమగానే అన్నారు. అందుకే ఎదురు చెప్పడం ఆమెకు కష్టమైంది. అడవికి ఇటు తమిళనాడు వైపు కాపలావాళ్ల వాకీటాకీలు వేరు, కర్ణాటక వైపు వాళ్లవి వేరు. ఏనుగులకు ఆ తేడా లేదు. గుంపు దాటిందని అటువాళ్లు అరిచినా ఇటు వినబడదు. భాగాలేవీ మార్చకుండా, లోపలి ప్రోగ్రాం మారిస్తే చాలు, రెండు రకాల సెట్లతోనూ, సెల్‌ఫోన్లతోనూ మాట్లాడే రేడియోను నళిని తయారుచేసింది. కుక్కర్ కూతల మధ్య ఆలోచించి, హోసూరు బస్సులో నిలబడి తప్పులు వెతికింది. కన్నబిడ్డ తొలి మాటను పక్కింటివాళ్లు విని వచ్చి చెబితే ఎలా ఉంటుంది? రేపు ఫోన్లో వినడమూ అంతే.

“పిండి ఇట్లియ్యి,” అంటూ అత్త పాపక్క పక్కన కూర్చుంది. “రేపు దీపం నేనెత్తుతా. నువ్వు పో.”

“కోడలుండగా నువ్వెత్తితే ఊర్లో ఏమంటారమ్మా?” అన్నాడు అనంతకుమార్.

“అంటే నన్నే కదరా అనేది? అననీ. నాకు చెవుడొచ్చిందనుకో.”

మర్నాడు జవళగిరిలో రేడియో గురగురమంది తప్ప మాట రాలేదు. ముఖేశ్ మొహం వెలవెలబోయింది. దగ్గర్లోని సెల్ టవర్ హోరులో దూరపు గొంతు మునిగిపోతోందని నళిని గ్రహించింది. రేడియో వినే జోరు తగ్గించి, ఆ హోరును వడగట్టేలా ప్రోగ్రాం మార్చింది. అవతలి అడవిలోంచి ఎవరో కన్నడంలో, వినబడుతోందా అని అడిగారు. నళిని కళ్లు చెమర్చాయి. శేషప్ప అధికారుల వైపు తిరిగి, “ఇది మా నళిని చేసిన రేడియో,” అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాపక్క వాకిట్లో కూర్చుని ఉంది. కొప్పులో కనకాంబరాలు, నుదుటిమీద నెయ్యి జిడ్డు. నళిని వెళ్లి ఆమె పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది.

“నా కోసం అంత దూరం మోసినావు. నీ మేలు మర్చిపోలేనత్తా.”

“నీ కోసమేంది?” పాపక్క నవ్వింది. “దీపం తలమీదుంటే ఊరంతా పక్కకి జరిగి నాకు దారిస్తాది. కోడలొచ్చిందని దాన్ని నీకిచ్చేసిన దినం, నీకింకా ఎత్తాలనుందా అని నన్నెవురూ అడగలేదమ్మా.”

మొయ్యాలనుందా అని తననూ ఎవరూ అడగలేదు. నళిని ఆ చేతిని వదల్లేదు.

“వచ్చే ఏడు కూడా ఎత్తాలనుందా, అత్తా?” అని అడిగింది.