ఐదో పేరు

నూకాలమ్మ గుడి ముందు రాయి వేయిద్దామని తోటలో వాళ్లంతా అనుకున్నప్పుడు ఎర్రమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఎవరూ ఏ సంగతీ చెప్పక పదమూడేళ్లయింది. మలయాలో, సుంగై పెటానికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ రబ్బరు తోటలో కూలీ లైన్లు ఏడు. ఏడో లైనులో చివరి గది ఆమెది. దాని పక్క గది ఖాళీ. మిగతా గదుల్లో రెండేసి కుటుంబాలు కాళ్లు ముడుచుకుని పడుకుంటున్నా ఆ ఖాళీ గదిలోకి రమ్మంటే ఒక్కరూ రాలేదు. ఆమె మొగుడు, మేస్త్రి పైడయ్య గోడకు ఆనుకుని బతకడం కంటే వానలో తడవడం నయమని వాళ్ల ఉద్దేశం.

పైడయ్య పోయి కూడా పన్నెండేళ్లు కావస్తోంది. అయినా పగ చల్లారలేదు. మనుషులకు తిండి లేకపోయినా గడుస్తుంది గాని, తిట్టుకోవడానికి ఒకడు లేకపోతే గడవదు.

ఆ రాయి సంగతి చెప్పడానికి వచ్చింది లారెన్స్ మేష్టారు. తోట బడిలో పాఠాలు చెబుతాడు. కిరస్తానీ అయినా, గుండ్రంగా తెలుగు అక్షరాలు రాయగలవాడు తోట మొత్తానికి అతనొక్కడే కావడంతో అమ్మవారి రాయికి పేర్లు రాసిచ్చే పని అతని మీద పడింది. చీకాకోలు వైపు ఊళ్ల నుంచి మొదటి ఓడలో వచ్చి, అడవి నరికి, ఈ తోట వేసినవాళ్ల పేర్లు రాయి మీద చెక్కించాలి. అది సన్యాసి ఆలోచన. సన్యాసి ఇప్పుడు గుడి పెద్ద.

ఆదివారం పొద్దున లారెన్స్ వచ్చి గుమ్మం బయట బల్ల మీద కూర్చున్నాడు. ఎర్రమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతోంది.

"పెద్దమ్మా, మొదటి ఓడలో నలబై కుటుంబాలు వచ్చినాయంట. వాళ్లని తెచ్చిందే మీ ఆయన. ఆ పేరు రాయొద్దంటన్నాడు సన్యాసి."

"రాయకు బాబూ. ఆలకి ఇష్టం లేకపోతే రాయకు."

"నాకు పొంతన కుదరడం లేదు పెద్దమ్మా. కొత్త అడివికి ఎల్లొద్దని అయిదుగురు కూకుని అనుకున్నది మీ ఇంట్లోనేనంట. అందులో మీ ఆయనే పెద్దంట. సన్యాసే సెప్పినాడు. ఎదురు తిరగమన్నోడే మిగతా నలుగుర్నీ పోలీసులకి పట్టిచ్చినాడా? పోనీ పట్టిచ్చినాడే అనుకో, దొర మనిషైపోయినోడు పాత తోటలో సుకంగా ఉండకుండా, ఆ జొరాల అడివికి అందరికన్నా ముందు ఎందుకెల్లినాడు?"

ఎర్రమ్మ మరో గుప్పెడు బియ్యం ముందుకు లాక్కుంది. పదమూడేళ్లలో ఈ ప్రశ్న అడిగిన మొదటి మనిషి, ఆ రోజులు చూడనివాడు.

లారెన్స్ ఊరుకునే రకం కాదు. మాట వెతుక్కుంటూ ఎక్కడో అమెరికా సంగతిలోకి వెళ్లాడు. తోట కంపెనీ అమెరికావాళ్లదే, చిన్న దొరదీ ఆ దేశమే. ఆ దొర క్రితం వారం బడి చూడటానికి వచ్చి, మాటల్లో తమ దేశం కథ ఒకటి చెప్పాడట. అమెరికావాళ్లు ఇంగ్లీషు రాజుతో తెగతెంపులు చేసుకుని యుద్ధం చేస్తున్న కాలంలో ఆర్నాల్డ్ అనే సేనాని ఉండేవాడు. వాళ్లలో అతన్ని మించిన మొనగాడు లేడు. ఒక యుద్ధంలో కాలు విరగ్గొట్టుకుని కూడా గెలిపించాడు. తర్వాత కొన్నాళ్లకు తన చేతిలో ఉన్న కోటను శత్రువులకు అప్పగించబోయాడు. గుట్టు బయటపడేసరికి పారిపోయి వాళ్లలోనే చేరాడు. ఆ దేశంలో ఈనాటికీ అతని పేరే ఒక తిట్టు.

"అతని కాలిరిగిన సోట ఎవరో రాయి పాతినారంట పెద్దమ్మా. రాయి మీద బూటు బొమ్మ సెక్కినారు. సేసిన పనంతా రాసినారు. పేరు మాత్రం రాయలేదు."

ఎర్రమ్మ చేట కింద పెట్టింది. "అతనికి పెళ్లాం ఉండీదా?"

"ఉండీది. ఏం తెల్దని గోల గోలగా ఏడిసినాదంట. పాపం ఆడమనిషి, ఏటి తెలుస్తాదని వదిలేసినారు. సిన్న దొర మాత్రం నమ్మడు. ఆమెకి తెలుసు, అందులో ఆమె సెయ్యి ఉందంటాడు. అయినా నోకమంతా మొగుణ్నే అంటాది గదా."

ఆ పరాయి ఆడమనిషి ఎవరో, ఏ రంగు చీర కట్టేదో తెలియదు గాని, ఆమె మీద ఎర్రమ్మకు కోపం వచ్చింది. ఏడ్చి బయటపడింది కదా అనుకుంది. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది. తానైతే ఏడవనైనా ఏడవలేదు.

"ఆ నలుగురి పేర్లూ సెప్పింది నాను బాబూ," అంది.

లారెన్స్‌కు అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది. ఆ తర్వాత జరిగినదంతా చెప్పింది.

కొత్త అడవి నరకడానికి వెళ్లినవాళ్లు వెళ్లినట్టే చలిజ్వరంతో చచ్చిపోతున్న రోజులవి. నెలకు ఏడెనిమిది శవాలు లేచేవి. ఒకరోజు కూర్మయ్య, అప్పన్న, అప్పడు, సన్యాసి, పైడయ్య ఎర్రమ్మ ఇంట్లో కూర్చుని, రేపటి నుంచి ఎవరూ కత్తి పట్టకూడదని ఒట్టు వేసుకున్నారు. మర్నాడు హాజరుకు మనిషన్నవాడు రాలేదు. మూడో రోజున పట్నం నుంచి కూలీల ఆఫీసరు దిగాడు. ఎర్రమ్మ అప్పట్లో బంగళా ఊడ్చేది. ఆ ఆఫీసరు తెల్లగా, మెత్తగా, గుళ్లో పూజారిలా మాట్లాడేవాడు. దుబాసీని పక్కన పెట్టుకుని ఆమెను వరండాలోకి పిలిచాడు. కూలీల తరఫున మాట్లాడే పెద్దలు ఎవరో చెప్పమన్నాడు. వాళ్లను పిలిపించి కష్టం వింటానన్నాడు.

వింటానన్నాడు! ఓడ దిగిన నాటి నుంచి ఆ మాట ఏ దొరా అనలేదు. ఎర్రమ్మ పొంగిపోయింది. తన ఇంట్లో కూర్చున్న మనుషులు దొర ఎదుట కుర్చీల్లో కూర్చుంటారనుకుంది. చిటికెన వేలు మడిచి కూర్మయ్య అంది. తర్వాత వేలు మడిచి అప్పన్న, ఆ పక్క వేలు అప్పడు, చూపుడు వేలు సన్యాసి. బొటనవేలు దగ్గర ఆగిపోయింది.

ఇంకా ఎవరైనా ఉన్నారా అని దుబాసీ అడిగాడు. ఉన్నాడు. అందరికంటే పెద్ద ఉన్నాడు. కానీ మొగుడి పేరు ఆడది నోటితో ఎలా అంటుంది? బిడ్డలుంటే ఫలానావాడి అయ్య అని ఉండేది, ఆ భాగ్యమూ లేదు. బొటనవేలు పట్టుకుని తల వంచుకుంది. సిగ్గుపడింది కూడా. ఆఫీసరుకు నలుగురు సరిపోయారు. పుస్తకం మూసేశాడు.

ఇంటికి పరుగున వెళ్లి పైడయ్యతో ఆమె అన్న మొదటి మాట ఇదీ: "నీ పేరు సెప్పలేకపోయినాను. నువ్వే ఎల్లి సెప్పుకో, నిన్ను కూడా పిలుస్తారు."

ఆ పొద్దు గుంకేలోపే పోలీసులు నలుగురినీ తాళ్లు కట్టి తీసుకుపోయారు. మర్నాడు హాజరులో తోట గుమాస్తా అందరూ వినేలా అన్నాడు, మీ మేస్త్రి ఇంటి నుంచే పేర్లు వచ్చాయి, బుద్ధి తెచ్చుకోండి అని. పైడయ్య చెప్పమంటేనే పెళ్లాం పేర్లు చెప్పిందని ఆఫీసువాళ్లు నిజంగానే అనుకున్నారు. అక్కడికక్కడే అందరి తలలూ పైడయ్య వైపు తిరిగాయి.

"నాను ఎల్లి ఐదోవోణ్ని నానేనని పోలీసులకి సెప్తానన్నాడు బాబూ. గుమ్మం దాకా ఎల్లి మళ్లీ వచ్చినాడు. నాను లోపలుంటే నువ్వొక్కత్తివీ ఈ లైనులో ఎలా బతుకుతావే, పేర్లు ఎవురు సెప్పినారని ఆరా తీస్తే నిన్ను కత్తులకి బలిస్తారే అన్నాడు. ఎవురికీ సెప్పకని నా సేత ఒట్టేయించుకున్నాడు. ఆ తరవాత దొరతో సెప్పి కొత్త అడివికి తనే ఎల్లినాడు. సావడానికే ఎల్లినాడు."

పధ్నాలుగు నెలలు పట్టింది. శవాన్ని మోయడానికి తెలుగువాడు ఒక్కడూ రాలేదు. పక్క తోట నుంచి అరవ కూలీలు నలుగురు వచ్చి మోశారు.

"అప్పన్న జైల్లో పోయినాడు. కూర్మయ్య కూడా జైల్లోనే పోయినాడు. నాకు బయిమేసింది బాబూ. ఒట్టు ఒట్టు అనుకున్నాను గాని, అసలు బయమే."

లారెన్స్ లేచి నిలబడ్డాడు. "ఈ మాట గుడి దగ్గర సెప్తావా పెద్దమ్మా? సాయంత్రం అందరూ వస్తారు."

చెప్తానంది.

ఎండ చల్లబడ్డాక గుడి ముందు మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు వెనకగా కూర్చున్నారు. నల్లరాయి గోడకు చేరవేసి ఉంది. ఎర్రమ్మ వచ్చి నిలబడగానే గోల ఆగిపోయింది. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. వరండా, ఆఫీసరు, దుబాసీ, నాలుగు వేళ్లు. చెప్పి, బొటనవేలు పైకెత్తింది.

"ఈ ఏలు మా ఆయన. పైడయ్య. పైడయ్య ఎవుర్నీ పట్టియ్యలేదు. పట్టిచ్చింది నాను."

ఆడవాళ్లు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. ఒక ముసలామె చెవులు మూసుకుంది. నాలుగు పేర్లు ఆఫీసరుకు చెప్పానన్నప్పుడు అంతగా ఉలిక్కిపడలేదు వాళ్లు.

సన్యాసి లేచాడు. జైల్లో అతని ఎడమచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి నొప్పెట్టిన ప్రతిసారీ పైడయ్యను తలుచుకుని పళ్లు కొరుక్కుంటూ బతికినవాడు. ఆ పేరును ఒక్క సాయంత్రంలో వదులుకోమంటే ఎలా వదులుకుంటాడు?

"ఇన్నారా? మొగుడి పేరు నలుగురిలో అనీసింది. సిగ్గు ఇడిసిన నోరు ఏటైనా అంటాది. పదమూడేళ్లు ఊరుకుని, రాయి ఏస్తన్నామనగానే కత అల్లుకుని వచ్చినాది. సచ్చినోడి పేరు రాయికెక్కించడానికి తన తల మీద ఏసుకుంటాది గావల. మన ఆడోల్లు అలాగే సేస్తారు. ఎల్లిపోవే, ఎల్లిపో."

"నిజం సన్యాసీ. అమ్మోరి మీద ఒట్టు," అంది ఎర్రమ్మ.

"ఆ దుబాసీకి తెల్దా, నీకు మొగుడున్నాడని? నాలుగు పేర్లు సెప్పిన నోటికి ఐదోది రాలేదంట!"

కొందరు నవ్వారు. వాళ్ల ఇళ్లలో ఏ ఆడదీ మొగుడి పేరు చెప్పదు, చెబితే ఒప్పుకోరు. ఆ సంగతి ఒక్కరికీ ఆ క్షణాన గుర్తు రాలేదు. లారెన్స్ ఏదో అనబోయాడు. గుడి సంగతి కిరస్తానీ వాళ్లకెందుకని ఎవరో అనేసరికి కాగితం వైపు చూస్తూ కూర్చుండిపోయాడు. మంచివాడే, కానీ కాగితం ముందు ఉన్నంత ధైర్యం మనుషుల ముందు ఉండదు అతనికి.

రాయి మీద ముప్ఫై తొమ్మిది పేర్లు చెక్కించారు. కూర్మయ్యదీ, అప్పన్నదీ పై వరసలో వచ్చాయి.

రాయి నిలబెట్టిన మూడో రోజు మధ్యాహ్నం ఎర్రమ్మ గుమ్మం ముందు ఎవరో నిలబడ్డారు. మరిడమ్మ. కూర్మయ్య పెళ్లాం. పదమూడేళ్లుగా రబ్బరు పాలు తెచ్చిపోసి వెళ్తూ ప్రతిరోజూ ఈ గుమ్మం వైపు తిరిగి, పైడయ్య పేరు పెట్టి తిట్టి ఉమ్మేసి పోయే మనిషి. ఎర్రమ్మ లేచి నిలబడింది.

"ఆలెవరూ నమ్మలేదు," అంది మరిడమ్మ. "నాను నమ్మినాను. మా ఆయన పేరు నాను కూడా ఎప్పుడూ అనలేదు. జైలోల్లు వచ్చి, సచ్చినోడి పేరేటని అడిగితే కూడా అనలేకపోయినాను. పక్కింటోల్లు సెప్పినారు."

ఎర్రమ్మకు ఏడుపు వచ్చింది. ఎన్నేళ్లుగానో రాని ఏడుపు. దగ్గరకు వెళ్లబోయింది.

"ఒక్క మాట సెప్పు," అంది మరిడమ్మ. "నాలుగు పేర్లు సెప్పినావు గదా. మా ఆయనది ఎన్నోది?"

ఎర్రమ్మ అబద్ధం ఆడవచ్చు. పక్కన ఎవరూ లేరు.

"మొదటిది," అంది. "సిటికెన ఏలు."

మరిడమ్మ తల ఊపింది. తనకు కావలసింది అదే అన్నట్టు. తిట్టలేదు, ఉమ్మలేదు. చెంగు నడుముకు దోపుకుని లైను వెంట వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ ఆ గుమ్మం వైపు చూడనే లేదు. పాల డబ్బాతో చుట్టు తిరిగి, మోకాలి లోతు బురదలో పడి వేరే దారిన పోయేది.

ఆ సాయంత్రం ఎర్రమ్మ పొయ్యి రాజేసి, అన్నం వార్చి, ఒక్క పళ్లెం కడిగి పెట్టుకుంది. గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ పక్క గదిలో ఎవరూ లేరు, వినేవారూ లేరు.

"పైడయ్యా," అని పిలిచింది. కొంచెంసేపు ఆగి, ఇంకా గట్టిగా పిలిచింది.

పిలిస్తే పలికే మనిషి ఇంట్లో తిరిగిన పదిహేనేళ్లలో ఒక్కసారీ పిలవలేదు.