గట్టు మీద ప్రార్థన

డోరా కొడుకు ప్రైసన్ కాప్రా చెరువులో మునిగిపోయాడన్న కబురు ఆదివారం సాయంత్రం చర్చికి చేరింది. దోస్తులతో చేపలు పట్టబోయాడట. వల గుర్రపుడెక్కలో చిక్కుకుంటే విడిపించి తెస్తానని నీళ్ళలోకి దిగాడు. మళ్ళీ పైకి రాలేదు.

ఆ సాయంత్రం పాస్టరు జీవరాజు అందరితో పాటు గట్టు మీద మోకరించి, బిడ్డను ప్రాణాలతో ఇమ్మని గొంతు బొంగురుపోయేదాకా ప్రార్థించాడు. చీకటి పడ్డాక గజ ఈతగాళ్ళు వెతకడం ఆపేశారు. పొద్దున్నే మళ్ళీ దిగారు. జీవరాజు వచ్చేసరికి డోరా నిన్న కూర్చున్న చోటే ఉంది.

"అయ్యగారూ, ప్రార్థన చెయ్యుండ్రి," అంది, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "పానంతోని రావాలని చెయ్యుండ్రి. నిన్న చేసినట్టే."

జీవరాజు కళ్ళు మూసుకున్నాడు. ఎందరో రోగుల పడకల దగ్గర తడుముకోకుండా ప్రార్థించిన మనిషి ఇప్పుడు మాటల కోసం తడుముకున్నాడు. రాత్రంతా నీళ్ళ కిందున్నవాడి కోసం ఏమని అడగాలి? అడిగితే అబద్ధం. అడక్కపోతే ఈ తల్లికి ద్రోహం. "ప్రభువా" అని మాత్రం అని ఆగిపోయాడు.

"ఆమెన్," అంది డోరా, అదే చాలన్నట్టు.

గట్టు కింద జామకాయలమ్మే బాలమ్మ ఒక నీళ్ళ సీసా తెచ్చి డోరా ఒళ్ళో పెట్టింది. "జెర తాగు బిడ్డా. నిన్నటి సంది గొంతు తడుపలే." డోరా మూత తియ్యలేదు.

ఎండ ముదిరాక ఈతగాళ్ళలో ఒకడు చెయ్యెత్తాడు.

పిల్లవాణ్ణి గట్టు మీదికి చేర్చి పడుకోబెట్టారు. డోరా కేక పెట్టలేదు. పక్కన కూలబడి, కొడుకు జుట్టులో చిక్కుకున్న నాచు పోగులు ఒక్కొక్కటే తియ్యసాగింది.

"అయ్యగారూ, నిన్న వీడు మునిగేటప్పుడు దేవుడు చూస్తుండెనా?"

"చూశాడమ్మా."

"చూసి ఏం జేసిండు?"

జీవరాజు ఆమె వేళ్ళలోని నాచు పోగుల వైపు చూశాడు.

"ఏడ్చాడమ్మా," అన్నాడు చివరికి. "బైబిల్లో ప్రభువు తన స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చినట్టే."

డోరా నాచు తియ్యడం ఆపలేదు. "ఆ దోస్తును మల్ల బతికించి లేపిండు గద అయ్యగారూ," అంది. "ఉత్త ఏడ్సుడైతే నాకు సుత వస్తది."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది జీవరాజుకి. కోప్పడితే తలొంచుకుని మాట పడేవాడు. కళ్ళు నిండిపోయాయి. ఆ కన్నీళ్ళు ఆమెకు దేనికీ పనికిరావని తెలిసి సిగ్గుపడి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"జెర తల పట్టుకోండ్రి. ఎన్క సుత చిక్కున్నది," అంది డోరా.

అతను బురదలో చతికిలబడి ప్రైసన్ తలను ఒళ్ళోకి తీసుకున్నాడు. చల్లగా, బరువుగా ఉంది. జుట్టులోంచి కారిన నీళ్ళు అతని తెల్ల ప్యాంటులోకి ఇంకిపోతున్నాయి. ప్రభువా అని లోపల్లోపల అంటూనే ఉన్నాడు. ఆ పైన మాట దొరకడం లేదు.

కానిస్టేబుల్ వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, బండొచ్చింది. ఇగ దవాఖానకు తీస్కపోవాలె."

"ఆగుండ్రి సారూ," అంది డోరా, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "చెవుల్ల బురదున్నది."