మింగేసిన మాట

పుస్తెల పళ్లెం సామాన్ల గది ముందు నుంచే పోయింది. ఆగలేదు.

విద్యావతి తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని చూసింది. కొబ్బరికాయకు చుట్టిన పసుపుతాడు, దానికి రెండు పుస్తెలు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. పెళ్లికి వచ్చినవాళ్లందరూ తాకి దీవించాకే అవి పిల్ల మెడలోకి వెళ్లాలి. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న వంటాయన కూడా చెయ్యి తుడుచుకుని తాకాడు. పళ్లెం పట్టుకున్న ఆడపడుచు హనుమమ్మ ఈ గుమ్మం ముందుకు వచ్చేసరికి కొంగు సర్దుకుని నడక పెంచింది.

విద్యావతి భర్త కిషన్ రావు పోయి ఏడు నెలలు. ఏడాదిలోగా పిల్ల పెళ్లి చెయ్యాలి, లేదంటే మూడేళ్లు ఆగాలని తొందరపెట్టినవాళ్లే, ఆ పెళ్లిలో తల్లి ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్పారు.

నిన్న హనుమమ్మ సూటిగానే అంది. "విద్యా, రేపు పుస్తె ముట్టకు. లోపలనే ఉండు. నేను, మీ అన్నయ్య పీటల మీద కూసుంటం."

"పుట్టింటి పుస్తె తల్లి ఇచ్చేది కద వదినా. ఎందుకు ముట్టొద్దు?"

"ఎందుకేంది? రివాజు. ఊరంత తెలంగాణ లొల్లి ఉంటే ఆంధ్రోళ్లకు పిల్లనిస్తివి, ఊకున్నం. ఇది గూడ నీ బడే అనుకున్నవా, సవాళ్లడగనీకి?"

"బళ్లు మూసే ఉన్నయి వదినా. అందుకే ఇంట్ల అడుగుతున్న."

"అమ్మ ముట్టని పుస్తె నేను కట్టించుకోను" అంది కూతురు మనోరమ. విద్యావతి ఆమెను కళ్లతోనే ఆపింది. పెళ్లి ఆగకూడదు. అందుకే ఇప్పుడు ఈ ముక్కాలిపీట.

చిక్కడపల్లి సందులో వేసిన షామియానా కింద అశోక్ నగర్ నుంచి వచ్చిన మగపెళ్లివారు ముందు వరుసలో కూర్చున్నారు. పురోహితుడికి దీని తర్వాత నల్లకుంటలో ఇంకో పెళ్లి ఉంది. మైకులో మంత్రాలు పరుగెడుతున్నాయి.

విద్యావతి నారాయణగూడలో ఆడపిల్లల బడిలో ఇరవై ఏళ్లుగా తెలుగు, సంస్కృతం చెబుతోంది. అప్పజెప్పే పిల్ల ఒక్క అక్షరం మింగినా ఆమె చెవికి తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరి మాట దిద్దినా, "పంతులమ్మా, జర నన్నన్న వదిలెయ్యి" అని నవ్వేవాడు కిషన్ రావు.

"కంఠే బధ్నామి సుభగే జీవ శరదాం శతం..."

"త్వం" అంది విద్యావతి.

మొదట తనలో తనే అనుకుంది. తర్వాత లేచింది. గుమ్మం దాటి, అరుగు దిగి, పీటల దాకా నడిచింది.

"ఒక మాట పోయింది, అయ్యగారూ. 'సుభగే త్వం జీవ'. మీరు 'త్వం' మింగేశారు."

ఊపిరి పీల్చుకున్న సన్నాయి ఆయన అలాగే ఉండిపోయాడు. పెళ్లికొడుకు సూర్యప్రకాశరావు చేతుల్లో పసుపుతాడు ఆగింది.

"చిన్న మాట తల్లీ. ముహూర్తం దాటిపోతది."

"చిన్నదే. అర్థం చెప్పండి."

"త్వం అంటే... నువ్వు."

"నువ్వంటే ఎవరు?"

"పెళ్లికూతురు."

"ఏం చెయ్యమంటున్నాడు వరుడు?"

"బతకమంటున్నడు. నూరేళ్లు."

"మొగుడు ఉన్నన్నాళ్లే అని ఉందా?"

పురోహితుడు హనుమమ్మ వైపు చూసి, తల దించుకున్నాడు. "లేదమ్మా."

"నా మెడలో కట్టిన రోజు కూడా ఇదే మాట. నన్ను నూరేళ్లు బతకమన్నది ఆయనే. ఆ మాట నేను నిలబెట్టుకోవాలి. సామాన్ల గదిలో కూర్చుంటే కుదరదు."

"విద్యా! పదిమందిల ఇజ్జత్ తీస్తున్నవ్. లోపలికి పో!"

"పోను వదినా."

ముందు వరుసలోంచి పెళ్లికొడుకు తల్లి ఆదిలక్ష్మి లేచింది. "శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఇదేవిటండీ, వదినగారూ?"

మనోరమ అరచేత్తో తన మెడ మూసుకుంది. "అమ్మ ముట్టాలి" అంది, తల ఎత్తకుండా.

సూర్యప్రకాశరావు తల్లి వైపు చూశాడు. ఆవిడ ముఖం తిప్పుకుంది. అతను కాసేపు ఎటూ తేల్చుకోలేక, చివరికి పసుపుతాడును విద్యావతి ముందుకు చాచాడు. ఆమె పుట్టింటి పుస్తెను తాకింది. అత్తింటి పుస్తెనూ తాకింది.

"ఇప్పుడు చెప్పండి, అయ్యగారూ. మొదటి నుంచి."

పురోహితుడు ఈసారి పరుగెత్తలేదు. 'త్వం' దగ్గర ఆగి, సరిగ్గా పలికి, ఆమె వైపు చూశాడు. పాఠం అప్పజెప్పిన పిల్లకు ఊపినట్టే ఆమె తల ఊపింది. మనోరమ మెడ మీద నుంచి చెయ్యి తీసింది.

గట్టిమేళం మోగింది. అక్షింతలు పంచుతూ వచ్చిన హనుమమ్మ పళ్లెంతో విద్యావతి ముందు ఆగింది. తీసుకొమ్మని అనలేదు. దాటి పోనూ లేదు.

విద్యావతి తనే గుప్పెడు తీసుకుంది.