దాన్ని తీసేద్దాం

"కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోతే ఎవరు తీస్తారనుకున్నారు?" అంది ఇందు.

"ఒక్కరోజుకి ఏటైపోద్ది?" అన్నాడు చంద్రమౌళి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ.

"నిన్న కూడా ఒక్కరోజే అన్నారు."

"ఓలమ్మా, పొద్దున్నే కంచం గొడవేటి? నాను తీత్తాను," అంటూ అత్తగారు తలుపులమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేవబోయింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా. అక్కడే ఉండనివ్వండి."

తిన్నవాళ్ళే కంచం తీయాలన్న నియమం ఇందు పెట్టింది కాదు. పెళ్ళైన కొత్తలో చంద్రమౌళే పెట్టాడు. ఉపగ్రహాలు చేసే కంపెనీ మొదలెట్టాక వేదికల మీద కూడా అదే చెప్పుకునేవాడు: "మేం పైకి పంపినదాన్ని మేమే దించుతాం. మా ఇంట్లో ఎవరి ఎంగిలి కంచం వాళ్ళే తీస్తారు." జనం చప్పట్లు కొట్టేవారు. అలాంటి మనిషి వరసగా కంచం వదిలేస్తున్నాడంటే బుర్ర ఇంకెక్కడో ఉంది. ఎక్కడుందో ఇందుకి తెలియాలి.

బెల్లం గోదాం మీద అద్దెగదిలో, కాగితాలకి కూడా చీమలు పడుతుంటే మొదలైన కంపెనీ అది. వాళ్ళ ఉపగ్రహం బూట్ల పెట్టె అంత. చెరుకు మళ్ళలో నీరు అందని చోట్లని పైనుంచి ఫోటో తీసి చూపించేది. ఇప్పుడు అచ్యుతాపురం రోడ్డులో సొంత షెడ్డు, గేటుకి వాచ్‌మన్. షెడ్డు పెరిగేకొద్దీ ఇంట్లో చంద్రమౌళి మాట తగ్గింది. ఈ మధ్య హైదరాబాద్ నుంచి ఉపగ్రహం చేయించుకునే పార్టీ ఏదో వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి, ఫోను మోగితే పెరట్లోకి నడుస్తున్నాడు.

బావని ఎక్కించుకెళ్ళడానికి రాజుబాబు బండి మీద వచ్చాడు. ఇందుకి తమ్ముడు, కంపెనీలో భాగస్తుడు. మొగుడు మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని గేటు దాకా వెళ్ళిన ఇందు, గోడకి ఇవతలే ఆగిపోయింది.

"దాన్ని తీసేద్దాం బావా. అదుంటే మనం ఎదగం. ఆ చోటు వాళ్ళకి ఇచ్చేద్దాం."

"మొదట్నుంచీ మనతో ఉందిరా."

"ఉంటే? అక్కకి మాత్రం ఇప్పుడే చెప్పకు. గొడవ చేత్తాది."

బండి వెళ్ళిపోయింది. క్యారేజీ ఇందు చేతిలోనే ఉంది.

దాన్ని అంటే ఎవర్ని? కంపెనీలో మొదట్నుంచీ ఉన్న ఆడపిల్ల ధనశ్రీ ఒక్కతే. పూడిమడకలో చేపలమ్మే వాళ్ళ అమ్మాయి. ఇంజనీరింగ్ చదివిందని తెలిసి ఇందే పట్టుబట్టి పనిలో పెట్టించింది. అవసరం తీరాక ఆడపిల్ల 'అది' అయిపోయిందన్నమాట! ఆ చోటు పార్టీవాళ్ళ మనిషికి కాబోలు.

క్యారేజీ వంకతో ఆటో ఎక్కి షెడ్డుకి వెళ్ళింది. మొగుడూ తమ్ముడూ ఏదో మీటింగులో ఉన్నారు. ధనశ్రీ బల్ల ఖాళీగా ఉంది. ఆ పిల్ల తల వంచుకుని అట్టపెట్టెకి టేపు అంటిస్తోంది.

మధ్యాహ్నం దాకా కూడా ఆగలేదా వీళ్ళు, అనుకుంది ఇందు.

"నిన్ను తీసేస్తున్నారా ధనా?"

ధనశ్రీ తెల్లబోయింది. "నన్నా? ఎవరు చెప్పేరక్కా? నన్ను కాదు, గొడుగుని."

పెట్టె మూత ఎత్తింది. లోపల వెండిరంగు పల్చటి తెర, మడతల మీద మడతలు. పని ముగిశాక అది విచ్చుకుని, అంత ఎత్తులోనూ మిగిలుండే కాస్త గాలికి అడ్డం పడి, ఉపగ్రహాన్ని మెల్లగా కిందకి లాగుతుంది. దారిలోనే కాలి బూడిదైపోతుంది ఉపగ్రహం. అందరూ దాన్ని గొడుగు అంటారు. మొదటిదాన్ని ఇందు ఇంటి హాల్లోనే పరిచి, చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు తనూ ధనశ్రీ కలిసి మడిచారు.

"ఆ పార్టీకి రెండో కెమేరా కావాలంటక్కా. పెడితే ఇంకో మూడు ఉపగ్రహాలు మనకే ఇత్తారంట. ఇది తీస్తే గానీ చోటు లేదు."

"మరి పనైపోయాక?"

"ఏళ్ళ తరబడి అక్కడే తిరుగుతాది. దేన్నైనా గుద్దితే ముక్కలు, ఆ ముక్కలు మళ్ళీ ఇంకోదాన్ని. సార్‌కి తెలీదా? అంత పెద్ద ఆకాశం, ఒక్కదానికి ఏటైపోద్ది అన్నారు."

ఏటైపోద్ది. పొద్దున్న కంచం దగ్గర విన్న మాటే. పిల్ల ఉద్యోగం పోలేదన్న ఊరట ఇందుకి ఎంతోసేపు నిలవలేదు. చప్పట్లు కొట్టించుకున్న మాటల్లో ఇంకెన్ని ఇలా అట్టపెట్టెల్లోకి వెళ్ళాయో!

రాత్రి భోజనానికి రాజుబాబు కూడా వచ్చాడు. గుమ్మడికాయ పులుసు, వేడన్నం. చంద్రమౌళి ముందు మాత్రం పొద్దుటి కంచం అలాగే ఉంది. నీళ్ళు ఆరిపోయి, మెతుకులు ఎండి, ఆవకాయ ఎర్రగా అంటుకుపోయింది.

"నన్ను ముట్టుకోనివ్వలేదురా," అంది తలుపులమ్మ.

"ఇదింకా ఇక్కడే ఉందేటి?" అన్నాడు చంద్రమౌళి.

"పనైపోయిన కంచమే కదా," అంది ఇందు, తమ్ముడికి పులుసు పోస్తూ. "ఇంత పెద్ద ఇల్లు. ఒక్కదానికి ఏటైపోద్ది?"

రాజుబాబు చేతిలో ముద్ద ఆగింది. "అక్కా, ధనశ్రీ గానీ..."

"నువ్వు తిను."

చంద్రమౌళి కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. కొళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. తడి కంచంతో వచ్చి కూర్చున్నాడు.

"రాజూ, రేపు వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు. గొడుగు ఉంటాది. రెండో కెమేరా పెట్టం."

"మూడూ పోతాయి బావా!"

"పోనీ. ఇంకొన్నాళ్ళు చిన్నగానే ఉందాం." భార్య వైపు తిరిగాడు. "ధనశ్రీకి నువ్వు చెప్తావా?"

"మీరే చెప్పండి," అంది ఇందు, అన్నం వడ్డిస్తూ. "అది ఉంటాది అని ఊరుకోకండి. ఏది ఉంటుందో పేరు పెట్టి చెప్పండి."