రెండో చరణం దగ్గర

సుందర్‌రాజుతో వచ్చిన చిక్కల్లా అతనికి భార్య మీద ప్రేమ మరీ ఎక్కువ కావడమే. తాగడు, తిట్టడు. అలాంటి మొగుడి మీద ఎవరి దగ్గరైనా నాలుగు చాడీలు చెప్పుకుందామన్నా వీలుండదు. బకెట్ ఎత్తబోతే లాక్కుంటాడు. దుప్పటి దులపబోతే "నీ గుండె పైలం" అంటాడు. ఒకరోజు చపాతీల పిండి కూడా తనే పిసికాడు. ఆ రాత్రి ఇద్దరి దవడలకూ మంచి వ్యాయామం అయింది.

ఇవాళ పొద్దున్నే భార్య సుకుమారి బూట్ల లేసులు కట్టుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల్టితోని నడక బంద్" అన్నాడు.

ఆమె అతని చంక కింది నుంచి దూరి బయటపడింది.

కిష్టారెడ్డిపేటలో వాళ్ల వీధి దాటితే ప్లాట్లు చేసిన పొలాలే. అన్నీ అమ్ముడుపోయాయి, ఇళ్లు మాత్రం ఇంకా లేవలేదు. నున్నటి తారు రోడ్లు, హద్దురాళ్లు, వాటి మీద హక్కున్నట్టు పడుకునే కుక్కలు. సుకుమారి చేతులు ఊపుకుంటూ నడక అందుకుంది. ముందు మోకాళ్లు సణిగాయి, తర్వాత పిక్కలు వేడెక్కాయి, ఆపైన మెడ మీద చెమట పుట్టింది. ఈ చెమటంటే ఆమెకు ఇష్టం. నెలసరి ఆగిపోయాక అర్ధరాత్రి వచ్చి జాకెట్టు తడిపేసే చెమట పిలవని చుట్టం. ఇది తను పిలిస్తే వచ్చింది.

ఆ రోజుల్లో గుండె ఉన్నట్టుండి దడదడలాడేది. బొల్లారం మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌కు వెళ్లే ముందు టోపీ పెట్టుకుంటూ కారణం లేకుండా ఏడ్చేది. సంగారెడ్డిలో డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, గుండెకు లోపమేమీ లేదని, ఈ వయసులో దానికి పని చెప్పడమే మందని, మనసూ తేలికపడుతుందని చెప్పింది. ఎంత వేగంగా నడవాలని అడిగితే, మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అంత వేగమని నవ్వింది.

అప్పుడు సుందర్‌రాజు మందుల వరుసలో నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చాక విని నమ్మలేదు. చర్చి సంఘంలో పాటలు ఎత్తేది అతనే. పాడలేని గుండె మంచి గుండె ఎట్లవుతుందని తనే పరీక్ష పెట్టాడు. ఆమె నడుస్తుంటే పక్కన స్కూటర్ మీద మెల్లగా వస్తూ, తనతోపాటు పాడమన్నాడు. ఆమెకు రెండో చరణంలోనే ఊపిరి అందలేదు. అతను అన్ని చరణాలూ పాడాడు, పల్లవి అదనంగా ఇంకోసారి. మరుసటి ఆదివారం ప్రార్థన మనవుల్లో సుకుమారి గుండె చేరింది.

అంతటితో ఆమె సంఘానికి రోగి అయిపోయింది. ఎక్కడికెళ్లినా కుర్చీ. స్త్రీల సమాజం కార్యదర్శి అయిన పక్కింటి బ్యూలా లక్డారంలో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థించే జట్టులోంచి ఆమెను తప్పించి జావ తెచ్చివ్వడం మొదలుపెట్టింది.

పగలంతా బెల్టు మీద గుండె జబ్బు మాత్రల రేకులు వస్తూనే ఉన్నాయి. చిరిగినవి ఏరి, మంచివి పెట్టెల్లో సర్దుతూ సుకుమారి రేపటి గురించే ఆలోచించింది. నడక పోతే మళ్లీ ఆ టోపీ, ఆ ఏడుపే. మధ్యాహ్నం దాటాక ఒక ఆలోచన వచ్చింది. మాస్కు వెనక ఒక్కతే నవ్వుకుంది. ఇక పొద్దు గడవలేదు.

సాయంత్రం కంపెనీ బస్సు ఆమెను రోడ్డు మీద దింపి వెళ్లిపోయింది. మల్లన్న టీ కొట్టు ముందు సుందర్‌రాజు స్కూటర్‌తో సిద్ధంగా ఉన్నాడు. ఆమె ఎక్కకుండా, ఎప్పట్లాగే కొడుకు పేరుతో మొగుణ్ని పిలిచింది.

"కెల్విన్ డాడీ, బండి ఈడనే పెట్టు. పాట పాడుకుంట నా ఎంబడి నడువు. ఇంటి దాక పాట తెగకుండ వచ్చినవనుకో, రేపట్నుంచి నేను నడువనే నడువ."

అతను గొంతు సవరించుకున్నాడు. మొదటి చరణానికి టీ తాగేవాళ్లు తలలు తిప్పి చూశారు. సుకుమారి రోజూ నడిచే వేగంతోనే నడిచింది. నడుస్తూ వంకాయలు పుచ్చిపోయిన సంగతి, బెల్టు ఆగిపోయిన సంగతి చెప్పుకుంటూనే ఉంది. రెండో చరణంలో అతను సగం మాటలు మింగేశాడు. రోడ్డు ఎత్తెక్కే దగ్గర పల్లవి వదిలేశాడు. ఇంటి మలుపులో కరెంటు స్తంభం పట్టుకుని ఆగిపోయాడు.

"ఏమాయె? నీ గుండె గూడ కమ్జోరేనా? ఆదివారం నీ పేరు గూడ చెప్పిద్దామా?"

అతను నవ్వలేదు. ఊపిరి తీసుకుంటూ, "మా అక్క గిట్లనే ఆయాసమంటనే కూసున్నది. మల్ల లేవలే" అన్నాడు.

ఆమెకు తెలుసు. ఆ అక్కది అప్పుడు తన వయసే. సుకుమారి అతని అరచేతిని తీసి తన గుండె మీద పెట్టుకుంది. అది గట్టిగా, ఉత్సాహంగా, ఒకే తాళంలో కొట్టుకుంటోంది. నిలబడేకొద్దీ నెమ్మదిస్తోంది. అతను చాలాసేపు చెయ్యి తీయలేదు.

జావ గిన్నెతో బ్యూలా గేటు బయటికి వచ్చింది.

"ఏందన్నా, వదినను నడిపిస్తున్నవా? బండేది?"

సుందర్‌రాజు కాస్త ఆగమన్నట్టు చెయ్యి చూపించి, ఊపిరి కూడదీసుకుని, వీధంతా వినపడేలా చెప్పాడు.

"మీ వదినకు ఏం కాలె, బ్యూలా. నేను బండి మీద కూసోని పాడి, నడిచేదాని గుండె బాగలేదని సంఘమంతటికి చెప్పిన. నాదే తప్పు."