సువార్తమ్మ మోకాళ్ళు

"అద్దం తుడిచేటప్పుడు నీ మొఖం జూస్కోకు బిడ్డా. మొఖం జూస్తే మరకలు కానరావు," అంటూ సువార్తమ్మ పొడిగుడ్డను నాలుగు మడతలు వేసి ప్రశాంతి చేతిలో పెట్టింది.

ఉదయం ఏడు కావస్తోంది. రాయదుర్గంలోని ఆ అద్దాల భవనంలో తొమ్మిదో అంతస్తు ఇంకా ఖాళీగానే ఉంది. ఎనిమిదిన్నర నుంచి కంప్యూటర్ పిల్లలు దిగుతారు. ఆలోగా ఆడవాళ్ళ బాత్రూంలో బేసిన్లన్నీ పొడిగా, కుళాయిలన్నీ తళతళలాడుతూ ఉండాలి. సువార్తమ్మ ఈ అంతస్తును పన్నెండేళ్ళుగా కడుగుతోంది. ఇందులో కంపెనీలు రెండు మారాయి, కుర్చీల రంగు మూడుసార్లు మారింది, కడిగే మనిషి మాత్రం మారలేదు. యాభైకి రెండేళ్ళు తక్కువ. పొట్టి మనిషి, గట్టి మనిషి. వేళ్ళ కొసలు ఎప్పుడూ నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉంటాయి. నూనె రాసి బిగించి చుట్టిన ముడి. చెవులూ మెడా బోసి, వాళ్ళ క్రైస్తవ సంఘంలో నగలు పెట్టుకోరు.

ప్రశాంతి ఆమెకు రిలీవర్, అంటే ఒక్కరోజు బదిలీ మనిషి. సువార్తమ్మను పనిలో పెట్టిన ఏజెన్సీలో రూలు అలాంటిది. సెలవు కావాలంటే ధారాళంగా అడగవచ్చు, కానీ నీ చోట నిలబడే మనిషిని నువ్వే వెతికి తేవాలి, ఒకరోజు ముందు నువ్వే పని నేర్పాలి. పన్నెండేళ్ళలో ఆమె అలా అడిగింది రెండేసార్లు. ఒకసారి కూతురు జాస్మిన్ కాన్పుకు. ఇంకోసారి భర్త పోయినప్పుడు. ఆయన ఒకరోజు ముందు చెప్పి పోలేదు గనక అప్పటికి మాత్రం నేర్పకపోయినా ఏజెన్సీవాళ్ళు పెద్దమనసు చేసుకుని ఊరుకున్నారు. ఇది మూడోసారి. రేపు శుక్రవారం, ఒక్కరోజు. చందానగర్‌లో తన వెనక సందులో ఉండే ప్రశాంతిని, చంటిదాన్ని తల్లి దగ్గర వదిలి రమ్మని గడ్డం పట్టుకుని బతిమాలి తెచ్చుకుంది.

"పిన్నీ, రేపు ఏ దవాఖానకు పోతున్నవ్?" అడిగింది ప్రశాంతి అద్దం తుడుస్తూ.

"సర్కారు దవాఖానకే. మోకాళ్ళు జూపియ్యాలె."

"నడుస్తుంటే ఏం లేనట్టే ఉన్నది గద."

"లోపట ఉంటది నొప్పి. నువ్వు పైన మూల తుడువు, అక్కడ సబ్బుచుక్క ఉన్నది."

అది పచ్చి అబద్ధం. ఆ మోకాళ్ళు చందానగర్ స్టేషన్ మెట్లను రోజూ రెండేసి చొప్పున ఎక్కుతాయి. రేపు సువార్తమ్మ పోతున్నది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు, సినిమా హాళ్ళు చూడటానికి. సినిమా కాదు, హాళ్ళు. పదిహేడో ఏట నీటి బాప్తిస్మం తీసుకున్ననాడు సినిమా చూడనని ఒప్పుకుంది, ఈనాటివరకూ చూడలేదు. ఇకముందూ చూడదు. కానీ పెద్ద హీరో బొమ్మ విడుదలైన శుక్రవారం పొద్దున ఆ నాలుగురోడ్ల కూడలిలో ఏం జరుగుతుందో ఒక్కసారి బయట నిలబడి చూడాలి. ఆదివారం వారపు సెలవే గానీ మందిరంలోనే రోజంతా గడిచిపోతుంది, పైగా ఆదివారానికల్లా హీరో కటౌట్‌కు వేసిన దండలు వాడిపోతాయి. శుక్రవారమే కావాలి.

మరి ఉన్నమాట చెప్పి సెలవడగవచ్చు కదా అంటారేమో. ఎవరిని అడగాలి? సూపర్‌వైజర్ ఫిలిప్‌ను. అతను గుంటూరు నుంచి వచ్చినవాడు, ఆమెకంటే పదేళ్ళు చిన్న, ఈ ఉద్యోగం ఇప్పించింది అతనే. వారంలో ఆరు రోజులు ఆమెకు సారు, ఏడో రోజు అదే సంఘంలో తమ్ముడు. సినిమా హాళ్ళు చూసొస్తానని అతనికెలా చెబుతుంది? మోకాళ్ళంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. సువార్తమ్మకు అలవాటు లేని విద్య, కొలత తెలియక మరీ అతికేలా ఆడింది.

ఈ పిచ్చికోరిక ఎక్కడిదో చెప్పాలంటే కృపానందం సంగతి చెప్పాలి. ఆమె భర్త బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. శుక్రవారం శుక్రవారం ఓవర్‌టైం అని ఆలస్యంగా వచ్చేవాడు. ఆ రాత్రుళ్ళు భోజనం దగ్గర, వర్క్‌షాపులో ఎవడో చెప్పాడంటూ సినిమా హాళ్ళ కబుర్లు మొదలుపెట్టేవాడు. మూడంతస్తుల ఎత్తు హీరో బొమ్మట, దాని మెడలో వేసే దండను మోకు కట్టి పదిమంది లాగుతారట, చింపిన కాగితాలు గాల్లోకి ఎగరేస్తే రోడ్డంతా తెల్లబడుతుందట. చెబుతూ చెబుతూ అన్నం కలిపిన చెయ్యి ఎండిపోయేది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒక శుక్రవారం అతని చొక్కా ఉతుకుతుంటే జేబులో టికెట్ ముక్క దొరికింది. ఆమె నవ్వు అక్కడితో ఆగిపోయింది. పాస్టరుగారికి చెప్పింది. ఆదివారం నాడు నూరుమంది ముందు కృపానందం లేచి నిలబడి, నేను భార్యతో అబద్ధమాడి సినిమాలు చూశాను, నన్ను క్షమించండి అన్నాడు. చిన్నపిల్లలు కూడా వింటున్నారు. మరుసటి శుక్రవారం నుంచి ఆరింటికల్లా ఇంటికొచ్చి మంచం మీద కూర్చునేవాడు. పదేళ్ళు అలాగే కూర్చున్నాడు. అరిచేది లేదు, అలిగేది లేదు, కబుర్లు మాత్రం మళ్ళీ చెప్పలేదు. కరోనా రెండో విడతలో నాలుగు రోజుల్లో పోయాడు.

అప్పటినుంచి ఆమెకు లోలోపల ఒకటే బాధ. తప్పు చేశాడా, చేశాడు. తప్పును తప్పన్నానా, అన్నాను. మరి ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మంచం కేసి చూడలేకపోతున్నానెందుకు? ఆ మనిషి అంత మురిసిపోయి చూసింది ఏమిటో తనూ ఒకసారి చూస్తే, ఆయన పక్కన ఒక్క పూట నిలబడినట్టవుతుందని ఆశ. అంతే.

పదకొండింటికి కిటికీ పక్క బల్ల దగ్గర చెత్తబుట్ట తీస్తుంటే కావ్య చెయ్యి ఊపింది. కడప పిల్ల, మూడేళ్ళుగా ఇక్కడ పనిచేస్తోంది. ఉద్యోగులతో మాట్లాడకూడదని హౌస్‌కీపింగ్‌వాళ్ళకు రూలుంది గానీ ఈ పిల్ల వినే రకం కాదు. ఈ ప్రయాణం గుట్టు తెలిసింది ఆమె ఒక్కదానికే.

"ఆంటీ, అంతా సెట్ చేసినా. మియాపూర్ దాకా ఆటో, ఆడ ఎనిమిదీ పదికి మెట్రో. మధ్యలో ఒక్కసారి రైలు మారి, క్రాస్‌రోడ్స్‌లో దిగు. దిగినాక రోడ్డు మీదికి పోవద్దు, జనం తొక్కేస్తారు. స్టేషన్ మెట్లకాడే నిలబడు. ఆడ్నించి చూస్తే కటౌట్ మొగము నీ మొగానికి ఎదురుంటాది."

"పాలు పోస్తరంట గదమ్మా?"

"పోస్తారు, డప్పులు కొడతారు. అది అయినంక సందులో ఇరానీ చాయ్ తాగు. రెండింటికల్లా ఇంట్లో ఉంటావు. మల్లా అడుగుతాండా, టికెట్ తీయనా?"

"వద్దు తల్లీ. లోపటికి పోను."

"బయట్నించి చూస్తే తప్పు లేదా?"

"రోడ్డు మీద నిలబడితే రోడ్డు జూసినట్టే," అంది సువార్తమ్మ. ఈ మాట ఆమె నాలుగు రోజులుగా దేవుడికి కూడా చెబుతోంది.

కావ్య నవ్వింది. "అంత ఆశ ఏంది ఆంటీ నీకు?"

"మా ఆయన జూసేటోడు," అని బుట్ట ఎత్తుకుని వచ్చేసింది. ఆ పూటంతా ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఏ చీర కట్టుకోవాలి, గొడుగు తీసుకోవాలా, డబ్బాలో చపాతీలు పెట్టుకుంటే మెట్రోలో తిననిస్తారా అని అడుగడుగునా లెక్కలు వేసుకుంది. తుడిచిన బేసినే మళ్ళీ తుడుస్తుంటే ప్రశాంతి చెయ్యి పట్టుకుని ఆపింది.

ప్రశాంతి చురుకైన పిల్ల. మధ్యాహ్నానికల్లా ఏ సీసాలో ఏ మందో పట్టేసింది. కాఫీ మిషన్ మీద ఇంగ్లీషులో ఏదో వెలిగితే చదివి సరిచేసింది. సువార్తమ్మకు గర్వంగా ఉంది. పన్నెండేళ్ళలో తను కనిపెట్టిన కిటుకులన్నీ వరసపెట్టి చెప్పేసింది. ఇత్తడి పిడికి నిమ్మచెక్క రుద్దాలని, ఎవరైనా లోపల ఏడుస్తుంటే తుడవడం ఆపి బయట నిలబడాలని కూడా చెప్పింది. తన చోట నిలబడే మనిషి వల్ల తనకు మాట రాకూడదు కదా.

మూడున్నరకు ఫిలిప్ నుంచి కబురొచ్చింది. రెండో బేస్‌మెంట్‌లో, కార్ల మధ్య సిమెంటు గది అతని ఆఫీసు. ఆమె లోపలికి రాగానే అతను లేచి నిలబడ్డాడు. పన్నెండేళ్ళలో అలా లేవడం అదే మొదలు.

"కూర్చోండక్కా. కాళ్ళ నొప్పులతో నిలబడకండి." తనే కుర్చీ జరిపాడు. "సెలవు కాగితంలో కారణం రాయాలి కదండీ, మీ మోకాళ్ళ సంగతి రాశాను. ఏజెన్సీ ఆఫీసోళ్ళు చూశారు. వచ్చే నెల కొత్త కాంట్రాక్టు, ఒంట్లో బాగోలేనోళ్ళని ఉంచొద్దంటున్నారు. రేపట్నించి ఆ అమ్మాయినే కంటిన్యూ చేయమన్నారు. నేనూ ఆలోచించానక్కా. ఇంకెన్నాళ్ళు నొప్పి ఓర్చుకుంటారు? నిన్న ఉపవాస ప్రార్థనలో మీ మోకాళ్ళ కోసం పేరెట్టి ప్రార్థన చేశాం. దేవుడిచ్చిన విశ్రాంతి అనుకోండి."

ఉద్యోగం పోయిందన్న మాటకంటే ముందు, లేని నొప్పి కోసం సంఘమంతా కళ్ళు మూసుకుని ప్రార్థించిందన్న మాట ఆమెను పట్టుకుంది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఆ వెంటనే రెండోది తెలిసివచ్చింది. నలభైఐదు దాటినవాళ్ళను ఈ చుట్టుపక్కల ఏ ఏజెన్సీ కొత్తగా తీసుకోదు. ఇక్కడ పోతే ఇక ఎక్కడా లేదు.

"తమ్ముడూ," అంది. ఆఫీసులో సారు అనాలన్నది మరిచిపోయింది. "నా మోకాళ్ళకు ఏం గాలే. నేను అబద్ధమాడిన."

ఫిలిప్ జాలిగా చూశాడు.

"నిజం చెప్తున్న. రేపు క్రాస్‌రోడ్స్‌కు పోదామనుకున్న. సినిమా హాళ్ళు జూడనీకి. నీకు చెప్పనీకి సిగ్గయి గట్లన్న. కావాలంటే పైన కావ్య మేడంను అడుగు."

"ఆ మేడం మీ మీద జాలితో ఏదైనా చెబుతారక్కా." అతని గొంతు మెత్తబడింది. "సినిమా హాళ్ళకా? మీరా? సొంత భర్తని సంఘం ముందు నిలబెట్టిన మనిషి మీరు. నేనప్పుడే కొత్తగా గుంటూరు నించి వచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాను. అది చూశాకేనండి నేను సినిమాలు మానేసింది. ఉద్యోగం కోసం మీ మీద మీరే నింద వేసుకోకండక్కా. నేను వినలేను."

సువార్తమ్మ కుర్చీలోంచి లేచింది. కొంగు బొడ్లో దోపింది. "ఇగ జూడు," అని గుంజీలు తీయడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. బయట కార్లు కాసే గార్డు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పది, పదకొండు. మోకాళ్ళు చప్పుడైనా చేయలేదు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, అవి మోకాళ్ళవల్ల కాదు. ఇరవై దాకా తీసింది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆమె ఇరవైసార్లు లేచి నిలబడింది, తెలియలేదు.

ఫిలిప్ కళ్ళు గట్టిగా మూసుకుని, "చాలక్కా, ఏసయ్యా, చాలు," అన్నాడు. "ఏడుపొచ్చేంత నొప్పి పెట్టుకుని చేస్తన్నారు. నాలుగు రోజుల్నించి చూస్తన్నాను కదా, కుడికాలు ఈడుస్తున్నారు."

ఈడ్చిన మాట నిజమే. సోమవారం నుంచి అతనెదురుపడినప్పుడల్లా ఈడ్చింది. నూరుమంది ముందు నిలబడి కృపానందం నిజం చెప్పినప్పుడు నమ్మని మనిషి లేడు. తనకు ఆ భాగ్యం కూడా లేకపోయింది.

మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. మెట్ల కింద యూనిఫాం చీర మార్చుకుంటుంటే ప్రశాంతి వచ్చి ముందు నిలబడింది. "పిన్నీ, నాకు తెల్వదు. ఒట్టు పిన్నీ. నేను రానని చెప్పొస్త."

"పిచ్చిదాన. పిల్లకు పాలడబ్బా ఎట్ల కొంటవ్? నీ తప్పేమున్నది? పోయి ఐదింటికి అద్దాలు మళ్ళొకసారి తుడువు," అంది సువార్తమ్మ. ప్రశాంతి ముఖం మాత్రం చూడలేకపోయింది.

రేపు రోజంతా ఖాళీయే. ఎనిమిదీ పదికి మెట్రో వస్తుంది, మూడంతస్తుల బొమ్మ మెడలో దండ పడుతుంది. కానీ ఆ స్టేషన్ మెట్ల మీద సంఘం మనిషి ఎవరైనా చూస్తే? మోకాళ్ళు పోయి పని మానేసినదానికి ఇక్కడేం పని అంటారు. ఇక ఏ శుక్రవారమూ ఆమెది కాదు. ఆదివారం మందిరం మెట్లు కూడా ఒక్కొక్కటిగా, గోడ పట్టుకుని ఎక్కాలి, బతికినన్నాళ్ళూ. కార్ల దారిలో పైకి నడుస్తుంటే వెనక గది గుమ్మంలో ఫిలిప్ నిలబడి చూస్తున్నాడని తెలిసింది. ఆమె కుడికాలు దానంతటదే ఈడ్చుకుంది.

ఆమె మలుపు తిరిగాక ఫిలిప్ మెట్ల కిందికి వచ్చాడు. అక్కడ ఏజెన్సీ ఇచ్చిన నల్లబూట్లు పక్కపక్కనే విప్పి ఉన్నాయి. ఆమె పాదానికి సరిపడే జత వాళ్ళ దగ్గర ఏనాడూ లేదు, వేళ్ళ దగ్గర పాతచీర పేలికలు కుక్కి ఉన్నాయి. ప్రశాంతికి పనికొస్తాయేమోనని సైజు అంకె కోసం వాటిని తిరగేసి చూశాడు. అంకె చెరిగిపోయింది. మళ్ళీ గోడవారగా పెట్టేశాడు, రెండు మడమలూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమంగా అరిగిన ఆ జతను.