ఫ్రీజరుకు సెలవు

మనోజ్ఞ పంపిన నివేదికను సీతాపతి నాలుగోసారి చదివాడు. అర్థం మారలేదు. ఆయన పంపిన చేప కండలోని డీఎన్‌ఏ పొడవాటి పోగులుగా మిగల్లేదు, నుసినుసిగా విరిగిపోయింది. దానితో ఆ చేప జీనోము, అంటే పూర్తి జన్యుపటం, కూర్చడం ఎవరి తరమూ కాదు.

పదమూడేళ్ళ కిందట అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే మొగలో ఒక జాలరి వలలోంచి ఆయనే ఏరి తెచ్చిన వేలెడంత చేప అది. ఆ తరవాత అలాంటిది మరెవరి వలలోనూ పడలేదు. పుదుచ్చేరిలోని ఆ చిన్న పరిశోధన సంస్థలో, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో, వడ్లగింజంతేసి కండముక్కలున్న తొమ్మిదివందల గొట్టాలకు సీతాపతి సంరక్షకుడు. పెళ్ళీ పేరంటమూ లేని మనిషి. నటేశన్ నగర్‌లోని ఇంటినిండా పుస్తకాలే. ఆ ముక్కలను అడిగినవాళ్ళందరికీ మర్యాదగా ‘వీలుపడదు’ అని రాసేవాడు. ఇస్తే వాడేస్తారు, వాడేస్తే అయిపోతుంది. జీనోము ప్రయోగశాల నడిపే మనోజ్ఞ పట్టు వదలకపోవడంతో, ఈ ఏడు మాత్రం ఆ చేపముక్కలో సగం పంపాడు.

మొదట కొరియరువాళ్ళను అనుమానించాడు. డబ్బా తెరిచేనాటికి చల్లదనం నిలిపే డ్రై ఐస్ నిండుగానే ఉందంటూ ఆమె ఫొటో పంపింది. మరో ఆరు పాత గొట్టాలు పంపి చూశాడు. ఆరూ అంతే.

ఫ్రీజరు ఎప్పుడైనా ఆగిందా అని ఆమె ఫోనులో అడిగితే సీతాపతికి రోషం వచ్చింది. పనిరోజు తప్పకుండా ఉదయం పదింటికి స్వహస్తంతో వేసిన ఉష్ణోగ్రత అంకెలున్నాయి రిజిస్టరులో. ఒక్క కొట్టివేత లేదు. చదివి వినిపించబోయాడు.

“సెలవు రోజుల్లో ఎవరు చూస్తారు సార్?”

సెలవుల్లో తాళాలు ఉండేది ఊడ్చి తుడిచే అలివేలుమంగ దగ్గర. నూలుమిల్లు మూతపడ్డాక, తొమ్మిదేళ్ళ కిందట ఈ పనిలో చేరింది. పిలిచి, ఫ్రీజరు ఎప్పుడైనా నిలిపావా అని అడిగాడు. తన పని సారు కంట పడిందనుకుని ఆమె మొహం వెలిగింది.

“నిలిపేది లేకేమి సారూ? ఏటా ఆయుధపూజకి నేనే నిలిపేది. పొద్దన్నే ప్లగ్గు పీకి, డబ్బాలన్నీ కింద పెట్టి, మంచు కరిగినాంక మెత్త గుడ్డతో తుడిచి సందనం పెడతా. సాయంత్రం ఆరతిచ్చి మళ్ళీ వేస్తా. మిల్లులో ఆ పొద్దు ఒక్క కదురు తిరగనియ్యం. ఏడాదంతా గుర్రుమంటానే ఉండాది, దానికీ ఒక దినమన్నా రెస్టు ఈయవద్దా? డబ్బాల వరస మాత్రం తప్పనీలేదు సారూ. వరస తప్పితే మీకు కోపం గదా.”

సీతాపతి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఆయుధపూజ, మర్నాడు విజయదశమి, రెండూ సెలవులే. మూడోనాడు ఆయన వచ్చేసరికి అంకె మళ్ళీ మైనస్ ఎనభై. తలుపు మీది గంధపు బొట్టును ఏటా చూసి, పోనీలే అని వదిలేసినవాడు ఆయనే. తొమ్మిది పూజలు. తొమ్మిదిసార్లు కరిగి, తొమ్మిదిసార్లు గడ్డకట్టిన మాంసంలో పోగులు నుసి కాక ఏమవుతాయి?

“తప్పయిపొయిందా సారూ?” అంది ఆమె. “పని తీసేస్తారా?”

ఆయన బీరువాలోంచి పాత ఉత్తరాల ఫైలు తీశాడు. ఆ చేపను అడుగుతూ వచ్చిన మొదటి ఉత్తరం మీది తేదీ చూశాడు. పదకొండేళ్ళ కిందటిది. అప్పటికి అలివేలుమంగ ఇంకా మిల్లులోనే ఉంది. వీలుపడదని రెండురోజుల్లో జవాబు రాసింది తనే. ఆనాడు సగం ఇచ్చి ఉంటే, ఇంకో ఊరి ఫ్రీజరులో ఆ చేప ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉండేది.

“నిన్నెవరూ తీసెయ్యరు అలివేలక్కా,” అన్నాడు. “పోగొట్టింది నేను.”

మనోజ్ఞకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. పోయిన పూజ తరవాత చేరిన గొట్టాలు ఎన్ని ఉన్నాయని ఆమె అడిగింది. నలభై మూడు. అవి ఇంకా ఒక్కసారీ కరగలేదు.

“వాటిలో సగం సగం పంపిస్తాను,” అన్నాడు సీతాపతి. “మీ ఒక్కరికే కాదు. దాచగలిగిన వాళ్ళు ఇంకా ఎవరున్నారో పేర్లు చెప్పండి.”

చేతితొడుగులు వేసుకుని ఫ్రీజరు తెరిచాడు. మొదటి గొట్టం మీది అంకె తన చేత్తో రాసిందే. దాన్ని పైకి చదివి, లోపలి ముక్కను సగానికి కోయడానికి కత్తి అందుకున్నాడు.